రాసినంక జరిపియ్యాలె

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఎవరి పేరూ రాయడం లేదు. ఒకరి పేరు వేసి ఇంకొకరి పేరు వదిలేస్తే ఏమవుతుందో విలేకరి కూతురిగా నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు మా ఇంటికి వచ్చేవాళ్ళలో సగం మంది వార్త ఇవ్వడానికి వస్తే, మిగతా సగం తమ పేరు ఎందుకు రాలేదో అడగడానికి వచ్చేవారు. రెండో రకం వాళ్ళకు మా అవ్వ, అంటే మా అమ్మ, చాయ్ పోసేది. మొదటి రకం వాళ్ళకు మంచినీళ్ళే. వార్త ఇచ్చేవాడు ఎట్లాగూ మళ్ళీ వస్తాడు, అలిగినవాడినే బుజ్జగించాలి అని ఆమె లెక్క.

మా బాపు బోధన్‌లో విలేకరి. బస్టాండు పక్కన చిన్న స్టేషనరీ దుకాణం మా బతుకుదెరువు. విలేకరితనం ఆయన షోకు. నిజామాబాద్‌లో అచ్చయ్యే నాలుగు పేజీల దినపత్రికకు బోధన్, రెంజల్, వర్ని వైపు వార్తలన్నీ ఆయనే పంపేవాడు. జీతం ఉండేది కాదు, గుర్తింపు కార్డు ఉండేది. దాన్ని ఎవరూ అడగకపోయినా చూపించేవాడు, పెండ్లి భోజనాల దగ్గర కూడా. కార్డు మీద ఆయన పేరు ఉండేది గానీ పేపర్లో ఎన్నడూ రాలేదు. వార్తకు మొదట్లో 'బోధన్, మా విలేకరి' అని పడేది, అంతే. చివరికి ఊరి జనం కూడా ఆయన్ని అట్లాగే పిలవడం మొదలుపెట్టారు. "మా ఇలేకరి వచ్చిండు, కుర్సీ ఎయ్యుండ్రి" అనేవారు. బాపుకు మాత్రం జీవితంలో ఒకే ఒక కోరిక ఉండేది. తన పేరు, ముందు ఇంటిపేరు పొడి అక్షరంతో సహా, ఒక్కసారి పేపర్లో పడాలి. ఈ కోరిక ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా ఇంట్లో అందరికీ తెలుసు, ఎందుకంటే పొద్దున పేపరు రాగానే ఆయన వార్తలు చదివేవాడు కాదు, ముందు పేర్లు వెతికేవాడు.

పేపరు నిజామాబాద్ గంజ్, అంటే పంటలు అమ్మే మార్కెట్టు, వెనక గల్లీలో ఒక రేకుల షెడ్డులో అచ్చయ్యేది. కాలితో తొక్కే మిషను. సీసపు అక్షరాలను ఒక్కొక్కటీ ఏరి పేర్చే కంపోజిటర్లు. ఏదైనా అక్షరం దిమ్మలు అయిపోతే వార్తనే మార్చేసేవారట. బాపు ఒకసారి వర్ని పక్కన పంట కాలువకు గండి పడిందని చాలా భయంకరంగా రాసి పంపితే, దిమ్మలు చాలక సగం గండి మాత్రమే అచ్చయింది. మొదటి పేజీలో అన్నిటికంటే పైన గంజ్‌లో పసుపు ధర ఉండేది. దేశంలో ప్రభుత్వాలు పడిపోయినా సరే, ఆ వార్త పసుపు ధర కిందే వచ్చేది. ఇప్పటికీ నాకు అదే సరైన వరుస అనిపిస్తుంది. మా చుట్టాల్లో చాలామంది పసుపు వేసేవాళ్ళు. ఢిల్లీలో ఎవరు దిగిపోయారో వాళ్ళు నింపాదిగా తెలుసుకునేవారు.

బోధన్‌లో ఆ పేపరు చదివేవాళ్ళు తక్కువ, వినేవాళ్ళు ఎక్కువ. బస్టాండు ఎదురుగా చాయ్ హోటల్లో ఒకాయన ఉర్దూ పేపరు పైకి చదివేవాడు, ఇంకొకాయన మా తెలుగు పేపరు చదివేవాడు. సరిహద్దు అవతలి నుంచి సంతకు వచ్చినవాళ్ళ కోసం ఎవరో ఒకరు దాన్ని మరాఠీలో చెప్పేవారు. ఒక భాష నుంచి ఇంకో భాషకు పోతూ వార్త బలిసేది. రెండు మేకలు చచ్చిపోయాయని బాపు రాస్తే, మరాఠీకి చేరేసరికి మంద పోయేది. సాయంత్రానికి అవతలి ఊళ్ళ నుంచి పరామర్శకు మనుషులు వచ్చేవారు. అప్పుడు బాపు ఎంత గర్వపడేవాడో చెప్పలేను. మేకల మీద ఆయనకు జాలి లేదని కాదు, తన వార్త రాష్ట్రం దాటిందని.

ఇక అసలు సంగతికి వస్తాను. వార్తలు నిజామాబాద్‌కు బస్సులో పోయేవి. ఒక పెద్ద కవరు మీద 'అర్జెంటు, వార్తలు' అని ఎర్ర సిరాతో రాసి డ్రైవరు చేతికి ఇస్తే, అక్కడి బస్టాండులో ప్రెస్సు మనిషి వచ్చి తీసుకునేవాడు. మధ్యాహ్నం బస్సు దాటితే ఆ రోజుకు వార్త లేనట్టే. బాపు చివరి వాక్యం రాసేది మాత్రం బస్సు హారను కొట్టాకే. అప్పుడు అవ్వ తాను చుట్టే బీడీల చాట పక్కన పెట్టి, అన్నం గిన్నెలోంచి రెండు మెతుకులు తీసి కవరు మూతి అంటించి, కొంగు దోపుకుని పరుగెత్తేది. దుకాణంలో జిగురు సీసాలు వరుసగా పేర్చి ఉండేవి. అవి అమ్మడానికి, వాడడానికి కాదు అనేది ఆమె. డ్రైవర్లందరికీ ఆమె తెలుసు. బస్సు కదిలాక కూడా ఆమె కోసం ఆపేవారు. బాపు మాత్రం దుకాణంలో కూర్చుని కలానికి టోపీ పెట్టుకుంటూ, "అందిందా?" అని అడిగేవాడు.

మధ్యాహ్నమే కవరు పోతే మరి సాయంత్రం జరిగే సభల సంగతేమిటని మీకు అనుమానం రావాలి. సమాధానం సులువు. అవి జరగకముందే జరిగినట్టు రాసేవాడు. బాపు ఒక్కడే కాదు, ఆ రోజుల్లో బస్సు మీద ఆధారపడిన విలేకరులంతా అంతే. సాయంత్రం వార్షికోత్సవం ఉంటే మధ్యాహ్నమే 'ఘనంగా జరిగింది' అని పోయేది. వక్తలు ఏం మాట్లాడబోతారో వాళ్ళకే తెలియదు, బాపుకు తెలుసు. 'విద్యార్థులు క్రమశిక్షణతో మెలగాలని పిలుపునిచ్చారు' అని రాస్తే, ఏ వక్త అయినా సాయంత్రం అదే మాట్లాడేవాడు. ఒక్కసారి కూడా బాపును ఎవరూ నిరాశపరచలేదు.

ఇందులో దగా ఉందని మీరనుకుంటే బాపుకు కోపం వస్తుంది. దానికి ఆయన దగ్గర ఒక ధర్మం ఉంది. "రాసినంక జరిపియ్యాలె" అనేవాడు. కవరు బస్సెక్కిందంటే ఇక ఆ కార్యక్రమం ఆయన బాధ్యత. సైకిలెక్కి పోయి మైకు వచ్చిందా, దండలు వచ్చాయా, అధ్యక్షుడు స్నానం చేశాడా అని చూసుకునేవాడు. నిర్వాహకులు పడుకున్నా ఈయన పడుకునేవాడు కాదు. బోధన్‌లో అన్ని సభలు సమయానికి జరగడానికి కారణం నిర్వాహకులు కాదు, మధ్యాహ్నం బస్సు.

ఒక్కసారి మాత్రం పట్టు తప్పింది. రెంజల్ దగ్గరి ఒక ఊళ్ళో పశువుల శిబిరం. 'పశువైద్య శిబిరం విజయవంతం, భారీగా తరలివచ్చిన రైతులు' అని బాపు రాసి పంపాడు. సాయంత్రం వాన దంచికొట్టింది. డాక్టరు జీపు నల్లరేగడి బురదలో దిగబడింది. డాక్టరు రాలేదు, రైతులు రాలేదు, ఒక్క బర్రె కూడా రాలేదు. తెల్లవారి పేపరు మాత్రం వచ్చింది.

బాపు ఆ రోజు అన్నం తినలేదు. ఊరివాళ్ళు వచ్చి కొడతారేమోనని దుకాణం ఒక తలుపు మూసి, ఇంకో తలుపు తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. వచ్చారు కూడా. పెద్దమనుషులు నలుగురైదుగురు. అవ్వ ముఖాలు చూసి వాళ్ళు అలిగినవాళ్ళని గుర్తుపట్టి చాయ్ పెట్టింది. వాళ్ళలో పెద్దాయన చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి, "పేపర్ల అచ్చినంక జరగకపోతే మా ఊరి ఇజ్జత్ ఏం గావాలె? రేపు పొద్దుగాల జరిపిస్తున్నం. డాక్టరును మీరు పట్కరాండ్రి" అన్నాడు. మర్నాడు బాపు డాక్టరును సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. ఊళ్ళో పశువులు చాలకపోతే 'భారీగా' అనే మాట నిలబెట్టడానికి పక్క ఊరి నుంచి కూడా తోలుకొచ్చారట. అన్నీ అయిపోయాక వాళ్ళ ఫిర్యాదు ఒక్కటే. వార్తలో ఉపసర్పంచి పేరు రాలేదని.

పేర్ల సంగతి అంతే. ప్రతి వార్త చివర పేర్ల దండ ఒకటి ఉంటుంది. ఫలానా, ఫలానా, ఫలానా, తదితరులు పాల్గొన్నారు. ఆ తదితరుల్లో పడినవాడి బాధ పడినవాడికే తెలుసు. బాపు జీవితమంతా తదితరుల్లోనే గడిచింది. ప్రతి సభలో ముందు వరసలో ఉండేవాడు, ఎవరైనా మర్యాదకు వేదిక మీదికి పిలిచి దండ వేసేవారు కూడా. కానీ వార్త రాసేది ఆయనే. తన పేరు తానే రాసుకుంటే జనం నవ్వుతారు. ఇంకొకరు రాయరు, ఎందుకంటే ఇంకొకరు లేరు. ఆయన సంకటం చూసి అవ్వ, "ఊరందరికి క్షవరం జేసే మంగలోని గడ్డం సూడు, అట్లున్నది నీ కత" అని నవ్వేది. అవ్వ చదువు హెడ్డింగుల వరకే. పెద్ద అక్షరాలు కూడబలుక్కుని చదివి, కిందిదంతా మీ బాపు కల్పన అని పక్కన పెట్టేసేది.

తర్వాత అన్నీ మారాయి. కాలితో తొక్కే మిషను పోయి ఆఫ్‌సెట్ వచ్చింది. హైదరాబాద్ పెద్ద పేపర్లు జిల్లాకో చిన్న పేపరు లోపల పెట్టి ఇవ్వడం మొదలుపెట్టాయి. అందులో ప్రతి మండలానికీ ఒక మూల, ప్రతి మూలకూ రంగు ఫోటో. మా నాలుగు పేజీలది ముందు వారపత్రిక అయింది, తర్వాత పండుగలకు నాయకుల శుభాకాంక్షలు వేయడానికి మాత్రమే వచ్చేది, తర్వాత అదీ లేదు. కేబుల్ టీవీలో కింద వార్తలు జరజరా పాకడం మొదలైంది. అవి అంత వేగంగా పోతే పేర్లెట్లా వెతుక్కోవాలని బాపు ఫిర్యాదు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కూడా మూతపడింది. ఊరంతా గడియారం సరిచేసుకునే సైరను ఆగిపోయింది. చెరుకు మడ్డి వాసన ఆగిపోయింది. చెరుకు బండ్లు పోయి ఆ భూముల్లో వరి వచ్చింది. 'త్వరలో తెరుచుకోనున్న చక్కెర ఫ్యాక్టరీ' అనే వార్త మాత్రం ఆగలేదు. ఆ వార్తను బాపు కూడా ఎన్నోసార్లు రాశాడు. ముందే రాసిన వార్తల్లో ఆయన జరిపించలేకపోయింది అదొక్కటే. ఆ మాట వస్తే ఇప్పటికీ ముఖం తిప్పుకుంటాడు. నేను కూడా అక్కడ ఆయన్ని ఆటపట్టించను.

ఇప్పుడు మేమందరం నిజామాబాద్‌లో, కంఠేశ్వర్‌లో ఉంటున్నాం. నాకు ఇక్కడ జిరాక్సు, డీటీపీ దుకాణం ఉంది. ముందు గదిలో దుకాణం, వెనక ఇల్లు. బాపు పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని వచ్చి గుమ్మం పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాడు. జిరాక్సుకు వచ్చిన ప్రతి కాగితం ఆయన చేతుల మీదుగా పోవాల్సిందే. ఆధార్ కార్డు తీసుకొచ్చిన మనిషిని, "నీ పేరు మంచిగనే పడ్డదా, జర సూసుకున్నవా?" అని అడుగుతాడు. పెండ్లి పత్రిక వేయించుకోవడానికి వచ్చినవాళ్ళకు మేనమామ పేరు మరిచిపోయారని గుర్తు చేస్తాడు. దీనివల్ల నా దుకాణంలో కొన్ని పెండ్లిళ్ళు గొడవ లేకుండా జరిగాయని ఒప్పుకోవాలి. కొన్ని గొడవలు మొదలయ్యాయి కూడా.

ఆ దుకాణానికే వస్తాడు మా ఫోను పేపరు ఎడిటరు. ముప్ఫై దాటిన మనిషి. ఒక మోటారుసైకిలు, ఒక ల్యాప్‌టాప్. విలేకరి, ఎడిటరు, ఓనరు అన్నీ ఆయనే. రోజూ నాలుగు పేజీలు తయారుచేసి వాట్సాప్‌లో వదులుతాడు. తమ ఫోటో ఉన్న పేజీని కాగితం మీద చూసుకోవాలనుకునే నాయకుల కోసం కొన్ని కాపీలు నా దగ్గర రంగుల్లో తీసుకుపోతాడు. బాపుకు మొదట్లో ఆయనంటే చిన్నచూపు. "దీంట్ల మిర్చి బజ్జీలు ఎట్ల కడ్తరు బిడ్డా?" అని అడిగాడు. కట్టలేము కాకా అని ఆయన నవ్వాడు. "అట్లయితే గది పేపరెట్ల అయితది" అని బాపు తేల్చేశాడు. అయినా మర్నాటి నుంచి పొద్దున లేవగానే నా ఫోను లాక్కుని, అక్షరాలు పెద్దవి చేసుకుని పేర్లు వెతకడం మొదలుపెట్టాడు.

మొన్న చలికాలంలో ఆ ఎడిటరే ఒక కబురు తెచ్చాడు. నిజామాబాద్‌లో కొందరు చదువరులు కలిసి జిల్లాలో పత్రికల చరిత్ర మీద సభ పెడుతున్నారట. ఆదివారం సాయంత్రం. పెద్ద నాయకుడొకరు ముఖ్య అతిథి. పాతతరం గ్రామీణ విలేకరిగా బాపుకు సన్మానం.

"పేపర్ల ఏస్తవా?" అని బాపు అడిగాడు. అదొక్కటే అడిగాడు.

"మొదటి పేజీల ఏస్త కాకా. పేరు పెద్దక్షరాలల్ల."

ఆ వారమంతా మా ఇంట్లో పెండ్లి సందడి. బాపు తన పేరును తెల్లకాగితం మీద స్వయంగా రాసి, పొడి అక్షరం తర్వాత చుక్క ఉండాలని గట్టిగా చుక్క పెట్టి ఎడిటరుకు ఇచ్చాడు. తెల్లచొక్కాకు గంజి పెట్టించాడు. అది ఎంత బిగుసుకుపోయిందంటే, దాన్ని కుర్చీలో కూర్చోబెడితే అదే సన్మానం చేయించుకుని వచ్చేస్తుందని అవ్వ అన్నది. బాపు నవ్వలేదు. అద్దం ముందు నిలబడి శాలువా కప్పించుకునేటప్పుడు తల ఎంత వంచాలో చూసుకుంటున్నాడు. నాకు నవ్వు వచ్చింది గానీ, అంతమంది పేర్లు అచ్చు వేయించిన మనిషి ఒక్క చుక్క కోసం అంత ఆరాటపడుతుంటే చూడడం కష్టంగా ఉండింది.

ఆదివారం ముగ్గురం ఆటోలో పోయాం. హాలుకు తాళం వేసి ఉంది. ఫ్లెక్సీ లేదు, కుర్చీలు లేవు. వాచ్‌మన్ గేటు దగ్గర పల్లీలు ఒలుచుకుంటున్నాడు. ముఖ్య అతిథి ఎక్కడో పెండ్లికి పోయాడని, సభ వాయిదా పడిందని చెప్పాడు. ఎప్పటికి వాయిదా అంటే తెలియదన్నాడు. బాపు తాళం వైపు కాసేపు చూసి, "మైకన్న తెచ్చిండ్రా?" అని అడిగాడు. లేదన్నాడు వాచ్‌మన్. "మరి నాకు ముందుగాల చెప్తే నేను జూసుకుందు గద" అన్నాడు బాపు.

తిరుగు ఆటో ఎక్కాం. ఇంకా కంఠేశ్వర్ చేరకముందే నా ఫోను మోగింది. ఎడిటరు పేపరు వదిలాడు. మొదటి పేజీలో, పైన, 'సీనియర్ విలేకరికి ఘన సన్మానం'. కింద బాపు పేరు, లావు అక్షరాల్లో, పొడి అక్షరంతో, చుక్కతో సహా. పక్కన బాపు పాత ఫోటో, దాని మీద కంప్యూటర్లో కప్పిన ఎర్ర శాలువా. సభికుల చప్పట్లతో ప్రాంగణం మారుమోగిందట. విలేకరులు విలువలు పాటించాలని బాపు పిలుపునిచ్చాడట.

ఫోను బాపుకు ఇచ్చాను. ఆయన మొదట పేరు చూసుకున్నాడు. అక్షరాలు పెద్దవి చేసి, చుక్క దగ్గర ఆగాడు. తర్వాత వార్త చదివాడు. ఆయన ముఖంలో సంతోషం వచ్చి అక్కడే ఇరుక్కుపోయింది. తిడదామంటే తిట్టలేడు, ఎందుకంటే ఆ వార్తలో ప్రతి వాక్యం ఆయన రాసినదే, నలభై ఏళ్ళుగా ఇంకొకరి పేరుతో. అవ్వ ఫోనులోకి తొంగి చూసి హెడ్డింగు కూడబలుక్కుంది. "ఏమయ్యో, సన్మానం అయిపోయిందట. నువ్వు పోలేదా మరి?" అన్నది. ఆటో డ్రైవరు కూడా నవ్వాడు.

ఇంటికి వచ్చేసరికి బోధన్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. చాయ్ హోటల్ వాళ్ళు, రెంజల్ వాళ్ళు, ఎప్పటి మనుషులో. సంతోషమని, సభకు పిలవలేదేమని నిష్ఠూరాలు. బాపు అందరికీ "ఆఁ, ఆఁ" అంటూ ఫోను చెవికి దూరంగా పట్టుకున్నాడు. పేరు పడింది, సన్మానం పడలేదు. పేపర్లో చూస్తే ఉంది, ఒంటి మీద చూస్తే లేదు. గంజి చొక్కా విప్పకుండానే కూర్చున్నాడు. ఎడిటరు పరుగున వచ్చి, "వాయిదా సంగతి నాకు తెల్వది కాకా. మధ్యాహ్నమే పేజీ పెట్టేసిన. ఏం పరవాలేదు, ఎప్పుడో ఒకనాడు పెడ్తరు" అన్నాడు.

"ఎప్పుడో గాదు" అన్నాడు బాపు. "రాసినంక జరిపియ్యాలె. ఎవడు రాస్తే వాడే."

ఎడిటరుకు అర్థం కాలేదు. అవ్వకు అర్థమైంది. "రేపు పొద్దుగాల" అన్నది. "ఈడనే, దుకాణం ముంగట. శాలువా నువ్వు తే బిడ్డా. మైకు అక్కర్లేదు, నీ కాకకు గొంతున్నది."

మర్నాడు నా దుకాణం షట్టరు ముందు కుర్చీలు వేశాం. పక్క మందుల షాపు ఆయన, జిరాక్సు కోసం వచ్చి ఇరుక్కుపోయిన ఇద్దరు ముగ్గురు, బోధన్ నుంచి పొద్దుటి బస్సులో దిగిన చాయ్ హోటల్ ఆయన, ఎదురు ఇంటి ఆడవాళ్ళు. ఎడిటరు శాలువా తెచ్చాడు. అది అంతకుముందు ఏ నాయకుడికో కప్పినదని మడతలు చూస్తేనే తెలుస్తోంది. ఎర్ర శాలువా దొరకలేదు, నీలం. బాపు నొచ్చుకున్నాడు. వార్తలో ఎరుపు ఉంది కదా అని. చప్పట్లతో ప్రాంగణం మారుమోగాలని కూడా ఉంది కాబట్టి అందరినీ గట్టిగా కొట్టమని ముందే చెప్పాడు. అంతా సిద్ధమయ్యాక చూస్తే, శాలువా కప్పడానికి ముఖ్య అతిథి లేడు. అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. మందుల షాపు ఆయన వెనక్కి జరిగాడు.

అవ్వ ఎడిటరు చేతిలోంచి శాలువా లాక్కుని, "ఇటు వంగు" అన్నది. బాపు అద్దం ముందు నేర్చుకున్న వంగుడంతా మరిచిపోయి, బడిపిల్లవాడిలా తలంతా దించేశాడు. ఆమె శాలువా కప్పి, అలవాటు చొప్పున దాని అంచు ఆయన చొక్కా జేబు మీదికి సర్దింది. చప్పట్లు నిజంగానే మారుమోగాయి. బాపు లేచి విలేకరులు విలువలు పాటించాలని పిలుపునిచ్చాడు. వార్తలో ఉన్నదాంట్లో ఒక్క ముక్క వదలలేదు, శాలువా రంగు తప్ప.

చాయ్‌లు అయ్యాక ఎడిటరు, "కాకా, ఇంకేంది, లెక్క సాఫ్" అన్నాడు. "ఎట్ల సాఫ్ అయితది?" అన్నాడు బాపు. "నిన్నటిది ముందుగాల రాసింది. జరిగినంక రాసింది ఏది? కాగితం తేరాదు." ఇచ్చాను. ఆయన కుర్చీలో కూర్చుని, కలం టోపీ తీసి, ఎప్పటిలాగా చాలాసేపు రాశాడు. జీవితంలో మొదటిసారి ఏ బస్సూ హారను కొట్టలేదు. రాసింది ఎడిటరుకు ఇచ్చాడు. ఎడిటరు అక్కడే నా కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నదున్నట్టు పేజీలో పెట్టి వదిలాడు, ఒక కాపీ ప్రింటు కూడా తీశాడు. నేను చదివి అవ్వకు ఇచ్చాను.

అవ్వ చేతిలోకి తీసుకుని హెడ్డింగు మీద వేలు పెట్టింది. 'ముఖ్య అతిథిగా' అని ఉంది. తర్వాతి మాట దగ్గర వేలు ఆగింది. అది ఆమె పేరు. ముందు ఇంటిపేరు పొడి అక్షరం, దాని పక్కన బాపు మార్కు చుక్క. మా అవ్వ పేరు అచ్చులో పడింది అంతకుముందు నా పెండ్లి పత్రికలోనే. పేపర్లో ఇదే మొదలు. ఆమె ఆ మాటను రెండుసార్లు కూడబలుక్కుంది. కింద ఉన్నదంతా కల్పన అని ఈసారి పక్కన పెట్టలేదు, నన్ను చదవమన్నది. కవర్లు బస్సుకు అందించిన సంగతి అందులో ఉంది. హోటల్ ఆయన పేరు, మందుల షాపు ఆయన పేరు, జిరాక్సుకు వచ్చినవాళ్ళ పేర్లతో సహా అన్నీ ఉన్నాయి. తదితరులు అనే మాట ఎక్కడా లేదు. బాపు ఉన్నచోట మాత్రం 'మా విలేకరి' అని ఉంది.

"ఏమయ్యో, నీ పేరేది మరి?" అని అవ్వ అడిగింది.

"నాది నిన్న అచ్చింది గద" అన్నాడు బాపు, శాలువా సర్దుకుంటూ. "ఇయాల నీది."

  అవ్వ ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని లోపలికి పోయింది. తర్వాత నేను పోయి చూస్తే ఆ కాగితం బీరువా తలుపుకు అంటించి ఉంది. నా దుకాణంలోనూ జిగురు సీసాలు వరుసగా ఉన్నాయి. ఆమె మాత్రం మెతుకులతోనే అంటించింది.